మన అమ్మాయి రాసిన కాగితం

అమలాపురం,
11 జూన్ 2001.

చిరంజీవి కృష్ణవేణికి,

దీవెనలు ముందు, తిట్లు తరువాత.

నువ్వు హైదరాబాదులో లాయరువై ఇన్నేళ్ళయింది. నిన్ను నల్లకోటులో చూసినవాడు మన ఊళ్ళో ఒక్కడూ లేడు. నిన్న గడియార స్తంభం దగ్గర సూరిబాబు ఆపి, "మీ మేనకోడలు గారు ఏ కోర్టులో చేత్తన్నారండి?" అని అడిగాడు. హైకోర్టు అని చెప్పేశాను. ఏం చెయ్యమంటావు? కోర్టు గుమ్మం తొక్కదండి, ఏసీ గదిలో కూర్చుని కంపెనీలకు అద్దె కాగితాలు రాస్తుందండి అని చెప్పనా? మీ అమ్మ పోయాక నిన్ను విశాఖపట్నం పంపి లా చదివించింది అందుకా? మన వీధిలో కృపమ్మ టీచరు గారి అమ్మాయి సలోమిని చూడు. పొద్దున్నే కోటు చేతిమీద వేసుకుని మన గుమ్మం ముందునుంచే కోర్టుకు నడిచి వెళుతుంది. అది చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

సరే, అసలు సంగతి. కొత్త రోడ్డు పక్కన మన కొబ్బరితోట ఉంది కదా, దాన్ని లీజుకు ఇమ్మని ఒక హైదరాబాదు కంపెనీ వాళ్ళు వచ్చారు. మోటారు సైకిళ్ళ షోరూము, దానిపైన ఆఫీసులు, వెనక గోడౌను కడతారట. చాలా ఏళ్ళ లీజు. వచ్చిన కుర్రాడి పేరు అనిల్ కుమార్. "కాగితాలన్నీ మా లాయర్లే చూసుకుంటారండి" అని ఒక కార్డు తీసి చూపించాడు. చూద్దును కదా, అది నీ ఆఫీసే! "ఇంకేమండి, మన అమ్మాయే రాస్తుంది, కానివ్వండి" అన్నాను. ఇన్నాళ్ళకు నీ చదువు ఇంటికి పనికొచ్చింది.

మీ పెద్దమ్మ అప్పాయమ్మక్క కులాసా. కళ్ళలో శుక్లాలు ముదురుతున్నాయి, కాకినాడ వెళ్ళి తీయించుకుందాం రమ్మంటే వినదు. నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తున్నాను. నీ పెళ్ళి కోసం మురమళ్ళ వీరేశ్వర స్వామికి కల్యాణం చేయించాలని పట్టుబట్టింది. నువ్వు నవ్వకు.

ఫోను చెయ్యకు. ఫోనులో అయితే మీటింగులో ఉన్నానని పెట్టేస్తావు. ఉత్తరం రాయి.

ఇట్లు, మంట ఇంకా చల్లారని
మావయ్య మాణిక్యాలరావు.


హైదరాబాదు,
19 జూన్ 2001.

మావయ్యకు నమస్కారాలు.

తిట్లు భద్రంగా అందాయి. దీవెనలు దారిలో ఎక్కడో జారిపోయినట్టున్నాయి.

ముందు పని సంగతి. మా ఆఫీసు ఆ కంపెనీకి లాయరు. మీకు కాదు. మీ ఉత్తరం చదవగానే మా సీనియరు ప్రకాశరావు గారి దగ్గరకు వెళ్ళి, ఆ తోట మా మావయ్యదండీ అని చెప్పాను. ఆయన ఆ ఫైలు సాయిదుర్గాప్రసాద్ అనే మరో లాయరుకు ఇచ్చి, నన్ను దాని జోలికి వెళ్ళవద్దన్నారు. న్యాయమైన మాటే అన్నారు. కాబట్టి ఆ కాగితం నేను రాయను. కంటితో చూడను. అందులో ఏముందో నాకు తెలియదు, తెలిసినా మీకు చెప్పకూడదు. మీరు మీ తరఫున ఒక లాయరును పెట్టుకోండి. ఆ సలోమి గారినే పెట్టుకోండి, రోజూ గుమ్మం ముందునుంచే వెళుతున్నారుగా.

ఆ లాయరుకు పెద్దమ్మ సంగతి తప్పకుండా చెప్పండి. పెద్దనాన్న పోయి ఆవిడ పుట్టింటికి వచ్చేసినప్పుడు, తాతయ్య పెద్దమనుషుల ముందు, "నేల మాణిక్యానిది, చెట్లు అప్పాయమ్మవి" అన్నారని చిన్నప్పటినుంచీ వింటున్నాను. దానికి కాగితం లేదు. దింపు తీయించినప్పుడల్లా వచ్చే కాయలతోనే ఆవిడ ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతుకుతోంది. తోట లీజుకు ఇస్తే ఆ చెట్ల మాటేమిటి?

ఇక నా అద్దె కాగితాల గురించి. ఇక్కడా ఇదే గోల మావయ్యా. క్లయింట్లు గదిలోకి తొంగిచూసి, "సార్ లేరా అమ్మా?" అంటారు. రెండు వారాలు తల బద్దలు కొట్టుకుని దస్తావేజు రాస్తే, "టైపింగ్ బాగుంది" అని మెచ్చుకుంటారు. నేను రాసిన కాగితాల మీద మాదాపూర్‌లో ఎన్ని ఆఫీసు బిల్డింగులు లేచాయో! వాటిలో ఒక్క గొడవా కోర్టు దాకా పోలేదు. పోకుండా చూడటమే నా పని. ఇది మీకెవరికీ పని లాగే కనిపించదు. ఒక్కోసారి ఏడుపొస్తుంది.

పెద్దమ్మకు నమస్కారాలు చెప్పండి. కల్యాణం వద్దనండి, కళ్ళ ఆపరేషను చేయించుకోమనండి.

మీ కృష్ణవేణి.


అమలాపురం,
8 జూలై 2001.

చిరంజీవి కృష్ణవేణికి దీవెనలు. ఈసారి జారిపోకుండా గట్టిగా అంటించాను.

నీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వింది నేనే అనుకో. కోర్టుకు పోకుండా చూసే లాయరట! నాకు జ్వరం చూడటం రాదు, జ్వరం రాకుండా చూడటమే వచ్చు అనే డాక్టరు దగ్గరకు ఎవడైనా వెళతాడా?

నీ మొహమాటం నాకు తెలుసు. పరాయివాళ్ళ ముందు అలా చెప్పాలి, మన ఇంటి కాగితమని బయటపడకూడదు. ఆ మాత్రం అర్థం చేసుకోలేనా? నువ్వు రాస్తావు, పేరు ఆ ప్రసాద్‌ది పెడతావు. అలాగే కానీ.

ఇంకో విశేషం. నా పేరు పేపర్లో పడింది! "బహిరంగ ప్రకటన" అని పైన పెట్టి, అమలాపురం వాస్తవ్యులు మాణిక్యాలరావు గారి కొబ్బరితోట, హద్దులతో సహా వేశారు. దాని మీద ఎవరికైనా హక్కులుంటే గడువులోగా తెలుపగలరు అని కింద మీ ఆఫీసు అడ్రసు. సూరిబాబుకు చూపించాను. ఇంట్లో అక్కకు చదివి వినిపించాను. అంతా విని, "ఎవరికైనా అంటే ఎవరికిరా?" అంది. "అది అలాగే రాస్తారక్కా, మామూలే" అన్నాను. మళ్ళీ చదవమంది. చదివాను.

చెట్ల గురించి నువ్వు బెంగపెట్టుకోకు. తోట ముందు గడ్డివామి వేసే ఖాళీ జాగా ఉంది కదా, షోరూము అక్కడ కడతారు. చెట్లెక్కడికి పోతాయి?

నీ పేరు పేపర్లో ఇంకా పడలేదు గాని నాది పడిన
మావయ్య.


హైదరాబాదు,
14 జూలై 2001.

మావయ్యకు,

ఖాళీ జాగాలో కడతారని ఎవరన్నారు? అనిల్ కుమారా? కాగితంలో ఉందా? నోటిమాట ఎంత తియ్యగా ఉన్నా, రేపు చెల్లేది కాగితంలో ఉన్నదే.

మొహమాటం కాదు. నాటకం కాదు. ఆ కాగితం నేను రాయడం లేదు. ఒట్టు వేయమంటే వేస్తాను. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ రాసినా నా వృత్తికి ద్రోహం చేసినట్టే. అందుకని ఎవరికైనా చెప్పేదే మీకూ చెబుతున్నాను. కంపెనీ లాయరు కంపెనీ మంచే చూస్తాడు. అవతలి వాళ్ళు ఎంత మర్యాదస్తులైనా సరే, మీ లాయరు మీకుండాలి. చదవకుండా సంతకం పెట్టకండి. మీకు ఓపిక లేకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి, ప్రతి వాక్యం, పైకి గట్టిగా. అర్థం కాని చోట ఆపి అడగండి. అడగడం తప్పు కాదు.

దయచేసి నా మాట వినండి.

కృష్ణవేణి.


అమలాపురం,
23 ఆగస్టు 2001.

చిరంజీవి కృష్ణవేణికి,

శుభం. నిన్న రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు అయిపోయాయి. కంపెనీ వాళ్ళు శాలువా కప్పారు. నువ్వు పంపిన ప్రసాద్ బుద్ధిమంతుడు. దస్తావేజు నా ముందు పెట్టి, "పూర్తిగా చదువుకున్నారాండీ?" అని అడిగాడు. "ఆయ్, మన అమ్మాయి ఆఫీసులో పుట్టిన కాగితం చదవడమేంటండి, అది దాన్ని అనుమానించడం కాదేంటండి?" అన్నాను. అందరూ నవ్వారు. అతనొక్కడూ నవ్వలేదు. పట్నం పిల్లలకు సరసం తెలియదు.

నువ్వు రాయలేదంటే నేను నమ్ముతానా? ప్రతి కాగితం చివరా మీ ఆఫీసు పేరు ఉంది. వేలితో తడిమి చూసుకున్నాను.

అక్కకు తీపి పెడితే తినలేదు. పంటి నొప్పిట.

ఆశీస్సులతో,
మావయ్య.


అమలాపురం,
20 సెప్టెంబరు 2001.

కృష్ణవేణికి,

నా ఉత్తరానికి జవాబు లేదు. ఎందుకు లేదో ఇవాళ తెలిసింది.

పొద్దున్న తోటలోకి మనుషులు వచ్చి చెట్టు చెట్టుకూ ఎర్ర రంగు పూశారు. ఇదేమిటని అడిగితే, కొట్టేయడానికి గుర్తన్నారు. అనిల్ కుమార్‌కు ఫోను చేస్తే దస్తావేజు చూసుకోమన్నాడు. చూశాను. స్థలంలో ఉన్న చెట్లూ గట్లూ తొలగించి చదును చేసుకునే పూర్తి హక్కు కంపెనీదట. ఈ స్థలం మీద, అందులోని ఫలసాయం మీద నాకు తప్ప వేరెవరికీ ఏ హక్కూ లేదని నేనే ఒప్పుకున్నానట. కింద నా సంతకం.

నీ మేనమామ చేత ఇలాంటి మాట మీద సంతకం పెట్టిస్తావా? నిన్ను వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళింది ఆ చెట్ల కిందినుంచి కాదూ? అక్క ఉదయంనుంచి తోటలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నాతో మాట్లాడదు. అన్నం కూడా అక్కడికే పంపించాను. నీ చదువు మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది.

మాణిక్యాలరావు.


హైదరాబాదు,
26 సెప్టెంబరు 2001.

మావయ్యకు,

ఈ ఉత్తరం కోపంగానే రాస్తున్నాను. చల్లబడ్డాక రాద్దామని రెండు రోజులు ఆగాను, చల్లబడలేదు.

నేను రాయడం లేదని చెప్పాను. లాయరును పెట్టుకోమన్నాను. చదవమన్నాను. బతిమాలాను. మీరు శాలువా కప్పించుకున్నారు.

ఇంకో మాట కూడా అంటాను, తిట్టుకుంటే తిట్టుకోండి. మీరు నన్ను నమ్మి చదవకపోవడం కాదు. చదివితే ఆ వాక్యం కనిపిస్తుంది. కనిపిస్తే, చెట్లు మా అక్కవండీ అని వాళ్ళ ముందు నోరు విప్పి చెప్పాలి. చెబితే లీజు చెడుతుంది. అందుకని చదవలేదు. పెద్దమ్మ "ఎవరికైనా అంటే ఎవరికిరా" అని అడిగిననాడే మీకు తెలుసు. "మామూలే" అన్నారు. ఎప్పటికైనా మాట వస్తే, మన అమ్మాయి రాసిన కాగితం అని నా మీదికి తోసేయొచ్చు. తోసేశారు కూడా.

నేను ఏం చెయ్యగలనని అడగకండి. కంపెనీ మా క్లయింటు. మీ పక్కన నిలబడలేను, పెద్దమ్మ పక్కనా నిలబడలేను. ఆవిడ హక్కు సంగతి ఇంటి మనిషిగా తెలుసు కాబట్టి ఇక్కడ నోరెత్తలేదు. ఇక్కడి సంగతి లాయరుగా తెలుసుకోకూడదు కాబట్టి అక్కడ నోరెత్తలేదు. ఈ మధ్యలో నాకు నిద్ర పట్టడం లేదు. ఈ వృత్తిలో ఇంత ఒంటరితనం ఉంటుందని కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఈ ఉత్తరం కూడా పెద్దమ్మకు చదివి వినిపించండి. ఒక్క మాట కూడా దాటెయ్యకండి.

కృష్ణవేణి.


అమలాపురం,
17 అక్టోబరు 2001.

కృష్ణవేణికి,

నువ్వు అన్న మాటలకు జవాబు తరువాత రాస్తాను. ముందు ఇది విను.

సోమవారం పోస్టుమాను రిజిస్టరు కవరు తెచ్చాడు. అరుగు మీద అక్క కూర్చుని చీపురు పుల్లలు గీస్తోంది. సంతకం పెట్టి తీసుకుని చించి చూద్దును కదా, లాయరు నోటీసు. పంపించింది ఎవరు? అరుగు మీద కూర్చున్న ఆవిడే! చెట్లు తనవని, తన సంతకం లేకుండా చెట్లు తీసేసే హక్కు ఇవ్వడానికి తమ్ముడికి అధికారం లేదని, నాకొకటి, కంపెనీకొకటి. లాయరు సలోమి.

"ఏంటక్కా ఇది?" అన్నాను. "చదువుకోరా, నీకు కళ్ళు బాగానే ఉన్నాయిగా" అంది. తల ఎత్తలేదు.

లాయరు దగ్గరకు ఎప్పుడు వెళ్ళావక్కా అంటే, పోయిన వారం మురమళ్ళలో నీ కల్యాణం గురించి కనుక్కొస్తానని ఆటో ఎక్కిందే, అప్పుడట. ఆటో వీధి చివర తిరిగి సలోమి ఇంటి ముందు ఆగింది. దేవుడి పేరు చెప్పి లాయరు దగ్గరకు! నీ ఉత్తరాలు చదివి వినిపించి నా గోతి నేనే తవ్వుకున్నాను. నేను నవ్వుకుంటూ చదివితే ఆవిడ పాఠం విన్నట్టు విన్నదన్నమాట. "కృష్ణవేణి రాసింది కదరా, అవతలోళ్ళకో లాయరుంటే మనకో లాయరుండాలని. నువ్వు పెట్టుకోలేదు, నేను పెట్టుకున్నాను" అంది.

ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఒకే పప్పు తింటున్నాం. నోటీసుకు జవాబు పోస్టులో పంపాలట! ఊళ్ళో తల ఎత్తుకోలేకపోతున్నాను.

మాణిక్యాలరావు.


హైదరాబాదు,
30 అక్టోబరు 2001.

మావయ్యకు,

నోటీసు ఇక్కడికీ వచ్చింది. ప్రకాశరావు గారు నన్ను గదిలోకి పిలిచి, "ఇది మీ పెద్దమ్మగారి నోటీసు. వెనక ఉండి నడిపించింది నువ్వేనా?" అని అడిగారు. కాదన్నాను. కంపెనీ వాళ్ళు నమ్మడం లేదు. ఫైలులో సంగతులు నేను ఇంటికి చేరవేశానంటున్నారు. ఇన్నేళ్ళు ఒక్క మచ్చ లేకుండా పని చేశాను. రేపో మాపో బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెడతారట. లాయరు కాదు కాదని మీరు ఎప్పుడూ అంటుంటారు కదా, నిజంగానే కాకుండా పోయేలా ఉన్నాను.

నేను రాసిన ఉత్తరాలన్నీ పంపించండి. వాటిలో నేను ఏం చెప్పానో, ఏం చెప్పలేదో ప్రకాశరావు గారే చదువుకుంటారు. నా దగ్గర నకళ్ళు లేవు. మీకు నా మీద కోపం ఉన్నా సరే, ఇది చేసి పెట్టండి.

కృష్ణవేణి.


అమలాపురం,
12 నవంబరు 2001.

చిరంజీవి కృష్ణవేణికి దీవెనలు.

నీ ఉత్తరాలు ఈ కవరులోనే పెట్టాను. పెట్టేముందు నేనొక్కణ్ణే కూర్చుని మళ్ళీ చదివాను. పైకి చదివితే నవ్వొచ్చింది కాని, లోపల చదువుకుంటే రాలేదు. కంపెనీ రహస్యం ఒక్క ముక్క లేదు. వాళ్ళ కాగితంలో ఏముందో నీకు తెలిసినట్టు కూడా ఎక్కడా లేదు. చదవండి, చదవండి అని తప్ప ఇంకేమీ లేదు. మీ ప్రకాశరావు గారు చూస్తే ఆయనకే విసుగొస్తుంది.

నన్ను నువ్వన్న మాట ఉంది కదా, కావాలనే చదవలేదని. అక్క కూడా అదే అంది. మీ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారేమో అనుకుందామంటే, మధ్యలో ఉత్తరాలు చదివింది నేనే. ఇంతకన్నా దాని గురించి నన్ను రాయమనకు.

తోట సంగతి. అక్క సంతకం లేనిదే ఇటుక పెట్టవద్దని కంపెనీ వాళ్ళకు మీ ప్రసాదే చెప్పాడట. పనులు ఆగిపోయాయి. మొన్న సలోమి ఇంట్లో అందరం కూర్చున్నాం. అందరం అంటే వాళ్ళు. నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల సలోమి ఒక్కో వాక్యం గట్టిగా చదవడం, అక్క "ఆగమ్మా, దానర్థమేంటి?" అనడం. మధ్యాహ్నం దాటిపోయింది. అనిల్ కుమార్ చెమట తుడుచుకుంటూ రెండుసార్లు బయటకు వచ్చి నీళ్ళు తాగి వెళ్ళాడు. చివరికి కాగితం మార్చారు. గడ్డివామి జాగాలోనే కట్టడం. గోడౌను లేదు. రోడ్డువైపు వరస చెట్లు పోతాయి. ఆ మాట వచ్చినప్పుడు అక్క కళ్ళు తుడుచుకోవడం కిటికీలోంచి కనిపించింది. మిగిలిన తోటంతా ఉంటుంది, దింపు అప్పాయమ్మది అని ఈసారి అక్షరాలా రాశారు. తాతయ్య నోటిమాటకు ఇన్నాళ్ళకు కాగితం పుట్టింది. తరువాత నన్ను లోపలికి పిలిచి సంతకం పెట్టమన్నారు. పెన్ను తీయబోతే, "చదివేవా?" అంది అక్క. అందరి ముందూ! చదివాను. చదువుతున్నంతసేపూ నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

అక్క నాతో మాట్లాడుతోంది, మనసులో ఇంకా ఉంది. ఎర్ర రంగు చెట్ల మీద అలాగే ఉంది, వానలకు పోతుందంటున్నారు.

సూరిబాబు మళ్ళీ అడిగాడు, మీ మేనకోడలు ఏ కోర్టండి అని. ఏ కోర్టూ కాదండి, మనలాంటి వాళ్ళు కోర్టుకు పోకుండా ఉండాలని మొత్తుకుంటుంది, మనం వినమండి అన్నాను. వాడికి అర్థం కాలేదు. వివరించే ఓపిక నాకు లేదు.

ఇంకొకటి. ఉత్తరాల్లో ఒకటి తక్కువ ఉంటుంది, చూసుకో. జూలైలో రాసినది, "ప్రతి వాక్యం, పైకి గట్టిగా" అన్న ఉత్తరం. అక్క ఇవ్వలేదు. తన పెట్టెలో చీరల కింద పెట్టుకుంది. నీ ఉద్యోగం పోయేలా ఉందక్కా, ఇవ్వమని బతిమాలాను. "మాణిక్యం, నువ్వు మళ్ళీ ఎక్కడన్నా సంతకం పెట్టేటప్పుడు నీకు చూపించడానికి నా దగ్గరుండాలి. ఆ సారుకు అంత అవసరమైతే అమలాపురం రమ్మను. నాకు కళ్ళు కనపడవు, ఆయన్నే పైకి చదవమంటాను" అంది. మీ సీనియరుకు ఆ మాట అలాగే చెప్పు.

ఇట్లు,
ఈ ఉత్తరాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదువుకుని సంతకం పెడుతున్న
మావయ్య మాణిక్యాలరావు.